గ్లోబలైజేషన్ మంచిదా చెడ్డదా? బెంగళూరు గార్మెంట్స్‌లో 24 ఏళ్లు చేసినోడి లెక్క

కదిరి నుంచి అడిగిన తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. కాలేజీలో సెమినార్‌కి గ్లోబలైజేషన్ లాభాలు నష్టాలు చెప్పమన్నారు, గైడ్‌లో ఎనిమిది లాభాలు ఎనిమిది నష్టాలు ఉన్నాయి, అన్నీ బట్టీ కొట్టినా చివరికి మంచిదో చెడ్డదో తేలట్లేదు అన్నావు. అడుగున ఇంకో లైన్ రాశావు, మా అక్క బెంగళూరు గార్మెంట్స్‌లో చేరతానంటోంది, పంపాలా వద్దా అని. నాకైతే ఆ రెండోదే అసలు ప్రశ్న అనిపించింది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపికుంటే చదువు.

ముందు నా సంగతి. మాది హిందూపురం పక్కన పల్లె. 2001లో బెంగళూరొచ్చి ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీలో మర్చండైజింగ్‌లో చేరా, తర్వాత కంపెనీలు మారా గానీ పని మారలా. మర్చండైజర్ అంటే షాపులో బట్టలు చూపించేవాడు కాదు, అమెరికాలోనో యూరప్‌లోనో ఉండే బయ్యర్‌కీ ఇక్కడి ఫ్యాక్టరీకీ మధ్యలో నలిగేవాడు. రేటు మాట్లాడేది, శాంపిల్ ఓకే చేయించేది, బట్ట టైమ్‌కి రాకపోతే మిల్లోళ్ల మీద అరిచేది, షిప్‌మెంట్ లేటైతే బయ్యర్ చేత తిట్టించుకునేది అన్నీ మనమే. కాబట్టి నేను చెప్పేది ఎకనామిక్స్ ప్రొఫెసర్ చెప్పినట్టుండదు, కాస్ట్ షీట్ చూసి చూసి అరిగిపోయినోడు చెప్పినట్టుంటుంది.

గైడ్‌లో ఉన్న లిస్టు తప్పని అనను. కాకపోతే దేశానికి లాభమా నష్టమా అని అడిగితే ఎప్పటికీ జవాబు దొరకదప్పా, ఎందుకంటే లాభం పొందేవాడూ దెబ్బ తినేవాడూ చాలాసార్లు ఒకే మనిషి కాదు. తేడా కొట్టినప్పుడు ఎవరు లేచి ఇంకో చోటికి పోగలరు, ఎవరు ఉన్నచోటే ఉండి తినాల్సిందే, అది చూడు. ఆర్డర్ ఒక్క ఈమెయిల్‌తో ఇంకో దేశం పోతుంది. డబ్బు అంతకంటే ముందే పోతుంది. సాఫ్ట్‌వేర్ పిల్లోడు వీసా దొరికితే పోతాడు. బొమ్మనహళ్లిలో అద్దె రూములో ఉండి పిల్లల్ని పక్కనే స్కూల్లో వేసిన టైలరమ్మ యాడికి పోతుంది?

ఒక చొక్కా లెక్క చెప్తా, 2023 ప్రాంతంలో నా చేతి మీదుగా పోయిన ఆడవాళ్ల కాటన్ షర్ట్, అర్థం కావడానికి రౌండ్ ఫిగర్లు వేస్తున్నా. అమెరికాలో షాపు ట్యాగ్ మీద 29.99 డాలర్లు. మాకొచ్చే రేటు, అంటే ఓడ ఎక్కించేదాకా అన్నీ కలిపి మేం పలికే ఎఫ్‌ఓబీ, 6 డాలర్లు. అందులో బట్టకే 3.20 పోయింది. బటన్లు, లేబుళ్లు, దారం, ప్యాకింగ్ 60 సెంట్లు. కటింగ్, కుట్టు, ఐరన్, చెకింగ్, బిల్డింగ్ అద్దె, కరెంటు, సూపర్‌వైజర్ల జీతాలు అన్నీ కలిపి 1.60. పోర్టుకి లారీ, బ్యాంకు ఖర్చులు ఒక 30 సెంట్లు, ఓనర్‌కి మిగిలేది ఇంకో 30. ఇప్పుడు ఆ 1.60లో కుట్టినవాళ్ల జీతం ఎంతో చూడు. కుట్టు మిషన్ల వరుసలో, అంటే ఒక లైన్‌లో, 50 మంది, గంటకి 70 పీసులు, ఎనిమిది గంటలకి 560. నెలకి 12 వేల జీతం అంటే రోజుకి 460 రూపాయలు, 50 మందికి 23 వేలు, 560 పీసులకి పంచితే చొక్కాకి 41 రూపాయలు. అప్పటి రేటులో అర డాలర్. ముప్పై డాలర్ల చొక్కాలో అర డాలర్, యాభై మందికి కలిపి!

అసలు కథ ఇక్కడ కాదు. బయ్యర్ ఫోన్ చేసి, చాలా మర్యాదగా, పది సెంట్లు తగ్గించండి లేకపోతే ఈ స్టైల్ బంగ్లాదేశ్‌కి వెళ్తుంది అంటాడు. వాడు బెదిరించడం లేదు, నిజమే చెప్తున్నాడు, యూరప్‌కి బంగ్లాదేశ్ బట్టలు ఏళ్ల తరబడి సుంకం లేకుండా పోయాయి, మనవాటి మీద దాదాపు పది శాతం పడింది. సరే, పది సెంట్లు యాడ్నించి తేవాలి? మిల్లోడు తగ్గించడు, కరెంటోళ్లు తగ్గించరు. లైన్ టార్గెట్ గంటకి 70 నుంచి 80 చేస్తే చొక్కాకి 41 కాస్తా 36 అవుతుంది, ఆరు సెంట్లు అక్కడే దొరికాయి. మిగతా నాలుగు ఓనర్ మార్జిన్‌లోంచి లాగుతాం. మీటింగ్ రూములో ఇది పది నిమిషాల పని, నేనే చేశా, చాలాసార్లు చేశా, ఎక్సెల్‌లో ఒక్క అంకె మారిస్తే చాలు.

కింద ఫ్లోర్ మీద ఆ అంకె ఎట్లుంటుందంటే, పావగడ వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది, కాలర్ ఎక్కించే ఆపరేటర్, తెలుగులోనే మాట్లాడేది కాబట్టి నాకు బాగా పరిచయం. మిషన్ పక్కన ఒక లీటర్ నీళ్ల బాటిల్ పెట్టుకునేది. పొద్దున నిండుగా తెచ్చిన బాటిల్ సాయంత్రానికి కూడా దాదాపు నిండుగానే ఉండేది. ఏమ్మా నీళ్లు తాగవా అని అడిగితే, తాగితే బాత్రూమ్‌కి పోవాల సార్, పోయొచ్చేలోపు ఎనిమిది కాలర్లు పోగవుతాయి, వెనకామె ఖాళీగా కూర్చుంటాది, సూపర్‌వైజర్ ఇద్దర్నీ తిడతాడు అంది. గ్లోబలైజేషన్ నష్టాలు అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ బాటిలే.

ఇది చదివి అయితే అక్కని పంపను అని డిసైడ్ అవ్వకు, ఆగు. అదే మనిషిని ఇంకోసారి ఊరికి తిరిగి పోతావా అని అడిగా. నవ్వింది. పల్లెలో కూలి వానొస్తేనే సార్, ఇక్కడ కరెంటుంటే పని అంది. జీతం తన అకౌంట్‌లో పడుతుంది, ఏటీఎం కార్డు తన దగ్గరే ఉంటుంది, మొగుడు తాగడానికి అడిగితే పిన్ నంబర్ మర్చిపోయా అంటుందంట! పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి. కూతురు బీకాం చదువుతోంది. ఊళ్లో వేరుశనక్కాయలు వలిస్తే ఇవన్నీ వచ్చేవా? ఆ పీఎఫ్ వాళ్లకి ఎంత ముఖ్యమో 2016 ఏప్రిల్‌లో ఊరంతా చూసింది. యజమాని వాటా 58 ఏళ్లు వచ్చేదాకా తీసుకోకూడదని సెంట్రల్ గవర్నమెంట్ రూల్ తెచ్చింది, యూనియన్ లేదు లీడర్ లేడు, వేలమంది గార్మెంట్ ఆడోళ్లు హోసూర్ రోడ్డు మీదకొచ్చి కూర్చున్నారు, మేమూ ఆ రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. రెండో రోజుకే గవర్నమెంట్ ఆ రూల్ వెనక్కి తీసుకుంది.

బయ్యర్లని కూడా పూర్తిగా విలన్లని చేయలేం. 2013లో ఢాకా పక్కన రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయాక ఇక్కడ మాకూ ఆడిట్లు, అంటే బయ్యర్ల తరఫున ఫ్యాక్టరీ తనిఖీలు, గట్టిగా మొదలయ్యాయి. అందులో సగం డ్రామానే, ఆడిట్ రోజు మాత్రం బాత్రూముల్లో సబ్బులు, ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో దూది, ఎవరేం అడిగితే ఏం చెప్పాలో ముందు రోజే ట్రైనింగ్. కానీ మిగతా సగం నిజం, ఫైర్ డోర్‌కి తాళం వేయడం ఆగింది, మెట్ల మీద కార్టన్లు పెట్టడం ఆగింది. ఇంకోటి చెప్తా. 2020 ఏప్రిల్ నుంచి ఇవ్వాల్సిన డీఏ (ధరలు పెరిగినందుకు ఇచ్చే కరువు భత్యం), నెలకి 417 రూపాయల చిల్లర, కర్ణాటకలో చాలా గార్మెంట్ ఫ్యాక్టరీలు ఇవ్వలేదు, హైకోర్టు ఇమ్మన్నా ఇవ్వలేదు. చివరికి 2022లో ఇచ్చారు, ఎందుకు? ఇక్కడి వర్కర్ల సంఘాలు, విదేశాల్లో ఉన్న సంఘాలు కలిసి బయ్యర్ల మెడ మీద కూర్చుంటే. ఇక్కడి చట్టం చేయించలేని పని సముద్రం అవతలి బ్రాండ్‌కి చెడ్డపేరు వస్తుందనే భయం చేయించింది. మనల్ని బయ్యర్‌కి కట్టేసిన తాడు ఒకటే, పది సెంట్లు పిండేదీ ఆ తాడే, 417 ఇప్పించిందీ ఆ తాడే. ఇది ఏ కాలమ్‌లో రాస్తావో నువ్వే చూసుకో.

ఇప్పుడు మన సీమ సంగతి, సెమినార్‌లో ఇది చెప్తే మీ సార్ కచ్చితంగా తలెత్తి చూస్తాడు. మా మేనమామ పట్టుపురుగులు మేపేవాడు. మా బావ ధర్మవరంలో మగ్గం నేసేవాడు. 2011 ఫిబ్రవరి బడ్జెట్‌లో బయటి నుంచి వచ్చే ముడి పట్టు మీద దిగుమతి సుంకం 30 శాతం నుంచి ఒకేసారి 5 శాతానికి దించారు. చైనా పట్టు దారం చవకగా దిగింది. పేపర్లో చదివితే ఒక లైన్ అంతే. మామకి అది ఎట్లా తగిలిందంటే, పురుగులు నాలుగో జ్వరం (పొర విడిచే దశ) దాటి ఆకు కరకర తినే టైమ్ అది, ఆ వారం రోజులు ఇంట్లో ఎవరికీ నిద్రుండదు, రాత్రి రెండింటికి కూడా లేచి మల్బరీ కొమ్మలు వేయాలి, వాన శబ్దంలా ఉంటుంది అవి తింటుంటే. అంత కష్టపడి గూళ్లు కట్టించి హిందూపురం మార్కెట్‌కి తీసుకుపోతే ముందటి పంటకొచ్చిన దాంట్లో సగం రేటు కూడా పలకలేదు. రామనగరం పోయినా అంతే. వేలంలో రీలర్లు గూళ్లు చేతిలోకి తీసుకుని నొక్కి చూసి మళ్లీ బుట్టలో పడేసి పోతున్నారంట, వాళ్లదీ తప్పు కాదు, వాళ్లు తీసిన దారం చైనా దారం పక్కన పెడితే కొనేవాడు లేడు.

అదే నెలలో బావ హ్యాపీ. వార్పు దారం, అంటే చీరకి నిలువుగా వేసే దారం, రేటు తగ్గింది, చీరకి నాలుగు డబ్బులు మిగిలాయి. ఉగాదికి అందరం మా ఇంట్లో కలిస్తే ఇద్దరికీ మాటామాటా పెరిగింది, మామ అన్నం ముందునుంచి లేచిపోయాడు. నీ కడుపు కొట్టింది నేను కాదు మామా, ఢిల్లీలో రాసినోళ్లు అని బావ అంటాడు, నిజమే, కానీ ఎదురుగా ఉన్నది బావే కదా. 2013లో సుంకం మళ్లీ 15 శాతం చేశారు, ఆలోపే మామ మల్బరీ తోట సగం పీకేశాడు. మల్బరీ అంటే ఒకసారి నాటితే పది పదిహేనేళ్లు ఉండే తోట, బడ్జెట్ మారినప్పుడల్లా పీకి నాటేది కాదు. ఇంతా చేసి బావ కథ కూడా సుఖాంతం కాలా, నాలుగేళ్లకి పవర్‌లూమ్ చీరలు వచ్చి పడ్డాయి, అవి చైనావి కాదు మనదేశానివే.

అది అన్నాను కాబట్టి ఒక చిన్న పక్కమాట. ప్రతి మూతబడ్డ ఫ్యాక్టరీకీ గ్లోబలైజేషన్ అని పేరు పెట్టకు. బెంగళూరులో పాతోళ్లు హెచ్‌ఎంటీ వాచీలని విదేశీ కంపెనీలు చంపేశాయి అంటారు. చంపింది పక్కనే హోసూరులో పెట్టిన టైటాన్, అందులో తమిళనాడు గవర్నమెంట్ వాటా కూడా ఉంది, పైగా అది 1991లో విదేశీ సరుకుకి, పెట్టుబడికి తలుపులు తీయకముందే మొదలైంది. వీళ్లు ఎక్కువగా తాళం తిప్పే వాచీలే పట్టుకుని కూర్చుంటే వాళ్లు బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల మీద పడ్డారు. అట్లాగే 1991కి ముందు స్వర్గం ఉండేదనే మాటా నమ్మొద్దు, మా నాన్న స్కూటర్ బుక్ చేసి ఏళ్లు ఎదురుచూశాడు, ఫోన్ కనెక్షన్‌కి అంతకంటే ఎక్కువ. ఆ ఏడాది దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడా డాలర్లే మిగిలి 47 టన్నుల బంగారం విదేశాల్లో తాకట్టు పెట్టాల్సొచ్చింది, పీవీ, మన్మోహన్ తలుపులు తీసింది సరదాకి కాదు.

వంటింట్లో కూడా ఉంది ఇది. అనంతపురం అంటే వేరుశనగ, మనకి చెప్పక్కర్లేదు. 1994లో పామాయిల్ దిగుమతికి లైసెన్స్ అక్కర్లేకుండా చేసి తర్వాత నాలుగేళ్లలో సుంకం 65 నుంచి 15 శాతానికి తెచ్చారు. పట్నంలో కొనేవాడికి నూనె చవకైంది, మన వేరుశనగ రైతుకి రేటు దెబ్బ తింది, అసలే వానల్లేని జిల్లా. ఇప్పుడు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటిదే. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ ఆయిల్ ఆగి, అదే టైమ్‌కి ఇండోనేషియా మూడు వారాలు పామాయిల్ ఎగుమతి బంద్ పెడితే మా వీధి చివర బజ్జీల ఆమె బజ్జీ సైజు తగ్గించేసింది. ఇండోనేషియా ఎక్కడుందో ఆమెకి తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు, అయినా దెబ్బ ఇంటికే వచ్చింది.

ఐటీ గురించి పెద్దగా రాయను, అందరూ అదే రాస్తారు. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో ఆఫీస్ పెట్టడం దగ్గర్నుంచి మొదలెట్టొచ్చు. మారతహళ్లి పీజీల్లో సగం మంది మనోళ్లే, గుంటూరు పిల్లోడు ఒంగోలు పిల్లోడు ఒకే రూములో, వాళ్ల జీతాలతో ఊళ్లో అప్పులు తీరాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యాయి, ఇది చిన్న విషయం కాదు. మార్కెట్ పోటుకి వాళ్లూ అతీతం కాదు, 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అన్నప్పుడు మా మేనల్లుడి ముఖం చూడాల్సింది. కానీ వాడికి ఇంకో కంపెనీ ఉంది, ఇంకో దేశం ఉంది. ఇంకోటి, ఆ ఆఫీసులన్నీ వచ్చి పడిన వైట్‌ఫీల్డ్ వైపే 2024 ఎండాకాలంలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ కోసం కొట్టుకున్నారు. కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల నుంచి పైకి పంపు చేసుకోవాల్సిన ఊరు ఇది, ఏ క్లయింట్ ఇన్‌వాయిస్‌లోనూ ఆ నీళ్ల ఖరీదు ఉండదు.

మళ్లీ గార్మెంట్స్‌కి వస్తా. 2020 మార్చిలో ఒక బయ్యర్ దగ్గర్నుంచి మూడు లైన్ల ఈమెయిల్ వచ్చింది, పరిస్థితుల దృష్ట్యా ఆర్డర్ క్యాన్సిల్ అని. 40 వేల పీసులు, కుట్టేసి ఉన్నాయి, బట్టకి డబ్బు మేమే కట్టేసి ఉన్నాం, ఎందుకంటే ఈ బిజినెస్‌లో సరుకు ఓడ ఎక్కాకే కాదు, ఎక్కిన రెండు మూడు నెలలకి డబ్బొస్తుంది. అప్పటిదాకా అంతా ఫ్యాక్టరీ అప్పు. ఓనర్ మిల్లోడికి ఆపాడు, మిల్లోడు నూలోడికి ఆపాడు, లైన్‌లో వాళ్లకి లాక్‌డౌన్ జీతం సగమే పడింది. ఆ చొక్కాల్లో కొన్ని తర్వాత లేబుల్ కత్తిరించి కమర్షియల్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద 200కి అమ్ముడుపోవడం నా కళ్లతో చూశా.

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద అదనపు సుంకం 50 శాతానికి పెంచింది కదా, అప్పటి సంగతి ఇదే లెక్కలో వేసి చూడు. 6 డాలర్ల చొక్కాకి మామూలు డ్యూటీ కాకుండా ఇంకో 3 డాలర్లు. అదే టైమ్‌లో బంగ్లాదేశ్, వియత్నాం మీద 20 శాతం, అంటే 1.20. పది సెంట్లకే ప్రాణం తీసే వ్యాపారంలో 1.80 తేడా. ఎక్సెల్‌లో ఏ అంకె మార్చినా రాదు అది. మా దగ్గర రెండు లైన్లు ఆపేశారు, పర్మనెంట్ వాళ్లని ముట్టుకోలేదు, ముందు పోయింది కాంట్రాక్టర్ మీదొచ్చిన వాళ్లు. ఎక్స్‌పోర్టర్లని కాపాడాలని గవర్నమెంట్ పత్తి దిగుమతి మీదున్న 11 శాతం సుంకం ఆ డిసెంబర్ దాకా ఎత్తేసింది. మాకు కాస్త ఊపిరి ఆడింది, నిజం చెప్తున్నా. కానీ సరిగ్గా అదే టైమ్‌కి ఆదిలాబాద్‌లో, గుంటూరులో పత్తి తీతకి వచ్చింది, రైతు ఆ ఏడాది క్వింటాల్ మద్దతు ధర 8,110 అని చూసి మార్కెట్‌కి పోతే బయట వ్యాపారి ఆ దరిదాపుల్లో అడగలేదు, ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐ సెంటర్ ముందు లైన్ కట్టాల్సొచ్చింది. మామా బావల గొడవే మళ్లీ, ఈసారి బావ స్థానంలో నేనున్నా.

కాబట్టి నీ సెమినార్‌కి ఎనిమిదీ ఎనిమిదీ వదిలెయ్. ఒక్క వస్తువు తీసుకో, పట్టు గానీ పల్లీ నూనె గానీ, సుంకం మారిన సంవత్సరాలు వేసి ఎవరికి ఏమైందో చెప్పు. కదిరిలోనే నీకు నలుగురు రైతులు దొరుకుతారు, వాళ్లని అడుగు.

ఇక అక్క విషయం. పంపు, కానీ చూసి పంపు. హెల్పర్‌గా చేరితే దారాలు కత్తిరించుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి, రెండు మూడు నెలలు ఊళ్లోనే కరెంటు మిషన్ మీద చెయ్యి కుదుర్చుకుని టైలర్‌గా చేరమను. కాంట్రాక్టర్ మీద కాకుండా కంపెనీ రోల్స్ మీదే, ఎందుకో పైన చెప్పా. పీఎఫ్ యూఏఎన్ నంబర్ తన ఫోన్‌కే లింక్ చేయించుకుని ప్రతి నెలా పడుతోందో లేదో చూసుకోవాలి. నాలుగున్నరేళ్లకి ఒకసారి రాజీనామా చేసి మళ్లీ కొత్తగా చేరు అంటారు కొన్ని చోట్ల, ఒప్పుకోవద్దు, ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి చేసినందుకు కంపెనీ ఇచ్చే డబ్బు) ఇవ్వాల్సొస్తుందని, అది తప్పించుకోవడానికే ఆ ఏర్పాటు. హిందూపురం వైపు కూడా గార్మెంట్ యూనిట్లున్నాయి, జీతం కాస్త తక్కువైనా రూమ్ అద్దె మిగులుతుంది, అదీ అడిగి చూడండి. బెంగళూరే అనుకుంటే జాయినయ్యే ముందు ఒక సాయంత్రం డ్యూటీ వదిలే టైమ్‌కి ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి బయటికొచ్చే వాళ్లలో ఇద్దరు ముగ్గుర్ని టార్గెట్ ఎంత, బాత్రూమ్‌కి పంపుతారా అని అడగమను, తెలుగువాళ్లు కచ్చితంగా దొరుకుతారు. బొమ్మనహళ్లి వైపా పీణ్య వైపా అనేది చెప్తే నాకు తెలిసిన వాళ్లని నేనూ కనుక్కుంటా.